పీఠం ఖాళీగా ఉన్న వైపు

నేను పల్నాటి సున్నపురాయిని. కృష్ణ కుడి గట్టున, ధాన్యకటకంలో, మహాచైత్యం అనే బౌద్ధ స్తూపం వేదికకు తాపడం చేసిన పలకల్లో ఒకదాన్ని. ఎత్తు నాలుగడుగుల పైచిలుకు. ఇప్పుడు ఉంటున్నది లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో. నాకు రెండు ముఖాలు. రెంటికీ మధ్య మూడు శతాబ్దాల ఎడం ఉంది.

మొదటి ముఖం క్రీ.పూ. 1వ శతాబ్దంలో చెక్కారు. బోధివృక్షం, దాని కింద పీఠం, చుట్టూ మొక్కుతున్న జనం. పీఠం మీద మాత్రం ఎవరూ లేరు. నన్ను చెక్కిన శిల్పికి మనుషుల్ని చెక్కడం రాక కాదు. చుట్టూ ఉన్నవాళ్ళందరికీ ఒళ్ళూ భక్తీ ఇచ్చి, ఎవరికోసం వాళ్ళంతా వచ్చారో ఆ ఒక్కడినే వదిలేశాడు. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇంకో శిల్పి నన్ను వెనక్కి తిప్పి, నున్నటి వైపున ఏకంగా స్తూపాన్నే చెక్కాడు. ఈసారి స్తూప ద్వారంలో బుద్ధుడు నిలబడి ఉన్నాడు. ఖాళీ పీఠం ఉన్న వైపు గోడలోకి పోయింది.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. స్తూపం దిబ్బయింది. 18వ శతాబ్దం చివర్లో పక్కనే కొత్త పట్నం లేస్తున్నప్పుడు దిబ్బలోంచి రాళ్ళు తరలిపోయాయి. నా తోబుట్టువులు కొందరు మెట్లయ్యారు, కొందరు బట్టీల్లో కాలి సున్నమయ్యారు. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. అక్కణ్ణుంచి మద్రాసు, 1859లో ఓడ ప్రయాణం, లండన్‌లో ఇండియా మ్యూజియం. జేమ్స్ ఫెర్గూసన్ మమ్మల్ని పరిశీలించి 1868లో ఒక పెద్ద పుస్తకమే వేశాడు. 1880లో ఈ మ్యూజియానికి చేరాం.

ఇక్కడికి బడిపిల్లలు చాలామంది వస్తారు. ఇంగ్లండ్‌లో 1944 చట్టం బడుల్లో మతబోధ తప్పనిసరి చేసింది. 1988 చట్టం, ఈ దేశ సంప్రదాయం ప్రధానంగా క్రైస్తవమే అంటూనే, మిగతా ముఖ్య మతాల్నీ చెప్పమంది. అందుకే పిల్లల చేతుల్లో పట్టికలుంటాయి: మతం, స్థాపకుడు, గ్రంథం, ప్రార్థనాస్థలం, దేవుడు. పిల్లల కుతూహలం నాకిష్టం. ఆ పట్టిక మాత్రం క్రైస్తవం కొలతలకు కుట్టిన చొక్కా. హిందూ మతం దగ్గర స్థాపకుడి గడి నింపలేరు. యూదుల దగ్గర అబ్రహామా, మోషేనా అని తటపటాయిస్తారు. ఆ మతానికి మూలం ఒక మనిషి కాదు, ఒక జాతికీ దేవుడికీ కుదిరిన ఒడంబడిక. బౌద్ధం దగ్గరికి వచ్చేసరికి దేవుడి గడి అడ్డం పడుతుంది. లోకాన్ని సృష్టించినవాడి ఊసు లేకుండానే దుఃఖం, దాని కారణం, దాని నిరోధం, దానికి మార్గం అని నాలుగు మాటల్లో చెప్పుకుపోయిన ధర్మం అది.

మతాల్ని పక్కపక్కన పెట్టి చూడాలంటే నా దగ్గర వేరే పద్ధతి ఉంది. ప్రతి మతం తన అతి పవిత్రమైన చోట ఎవర్ని కూర్చోబెట్టిందో చూడాలి. ఖాళీగా వదిలితే ఎందుకు వదిలిందో అడగాలి.

నన్ను మొదటిసారి చెక్కిన శతాబ్దంలోనే, క్రీ.పూ. 63లో, రోమన్ సేనాని పాంపే జెరూసలేం ఆలయంలోని గర్భాలయంలోకి జొరబడ్డాడు. అతనికి లోపల ఏ దేవుడి బొమ్మా కనిపించలేదనీ, ఆ చోటు ఖాళీగా ఉందనీ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ధాన్యకటకంలో ఖాళీ పీఠం, జెరూసలేంలో ఖాళీ గది! ఈ పోలిక చూసి అన్ని మతాలూ ఒకటే అనేవాళ్ళున్నారు. వాళ్ళ మంచితనాన్ని కాదనను గానీ, ఆ మాట ఒప్పుకోను. యూదుల గది ఖాళీగా ఉన్నది దేవుడు లేక కాదు. ఆయన ఉన్నాడు, ఒక్కడే, మనిషి చేతికి ఆయన రూపం చేసే హక్కు లేదు. నా పీఠం సంగతి వేరు. అక్కడ కూర్చున్నవాడు మనిషి. నిర్వాణం పొందినవాణ్ణి ఇక్కడున్నాడనీ అక్కడున్నాడనీ చెప్పడానికి వీల్లేదు. ఖాళీ ఒకేలా కనిపిస్తుంది, దాని వెనకున్న నమ్మకాలు మాత్రం ఎదురెదురుగా నిలబడతాయి.

క్రైస్తవుల మాట అసలు ఇంకోలా మొదలవుతుంది. దేవుడే మనిషై పుట్టాడంటారు వాళ్ళు. అయినా తొలినాళ్ళలో చేప గుర్తుతో, గొర్రెలకాపరి బొమ్మతో సరిపెట్టుకున్నారు. డోర్సెట్‌లోని హింటన్ సెయింట్ మేరీలో 1963లో ఒక కమ్మరి తవ్వుతుంటే 4వ శతాబ్దపు మొజాయిక్ నేల బయటపడింది. ఇప్పుడది ఈ మ్యూజియం సొత్తు. అందులో గడ్డం లేని ఒక ముఖం ఉంది, దాని వెనక క్రీస్తు పేరును సూచించే రెండు గ్రీకు అక్షరాలు. అది క్రీస్తు ముఖమేనని పండితుల్లో ఎక్కువమంది మాట. పీఠం నిండింది, కానీ తగవు తీరలేదు. 8వ శతాబ్దంలో బైజాంటియంలో పటాల్ని పగలగొట్టారు. అప్పుడు డమాస్కస్ వాడైన యోహాను అనే సన్యాసి, దేవుడు శరీరం దాల్చాడు గనక ఆ శరీరాన్ని చిత్రించవచ్చని వాదించాడు. ఆ ఒక్క వాదనలో క్రైస్తవం సారమంతా ఉందనిపిస్తుంది నాకు. 843లో పటాలు తిరిగి గుళ్ళకెక్కాయి. ఆ విజయాన్ని చిత్రించిన 14వ శతాబ్దాంతపు పటం ఒకటి ఇక్కడే ఉంది. బొమ్మలు చెరిపే వంతు ఇంగ్లండ్‌కు 1547లో వచ్చింది. రాజు ఆరో ఎడ్వర్డ్ ఆజ్ఞలతో చర్చి గోడల మీది బొమ్మలకు సున్నం కొట్టారు. సున్నం సంగతి నాకు తెలుసు.

యోహాను కుటుంబం ఉమయ్యద్ ఖలీఫాల కొలువులో పనిచేసింది. ఆ ఖలీఫాల్లో అబ్దుల్ మాలిక్ మొదట తన బంగారు దినార్ నాణేల మీద, కత్తి పట్టి నిలబడ్డ ఖలీఫా బొమ్మ వేయించాడు. హిజ్రీ 77లో, అంటే 696-97లో, బొమ్మ తీసేయించి అక్షరాలే ఉంచాడు: దేవుడొక్కడే, ఆయనకు సాటి లేరు, ముహమ్మద్ ఆయన ప్రవక్త. నా మీద శూన్యం నుంచి రూపానికి జరిగిన ప్రయాణం, ఆ బంగారు దినార్ మీద రూపం నుంచి అక్షరానికి జరిగింది. ఇస్లాంలో ప్రవక్త మనిషే. ఆయన్ని దేవుడి పీఠం దరిదాపులకు కూడా తేకూడదన్నదే ఆ అక్షరాల పట్టుదల.

మా ఊరి పొరుగువాణ్ణి మరిచిపోతే పాపం. స్తూపానికి దగ్గర్లోనే అమరేశ్వరుడి గుడి. వేదకాలంలో అగ్నికి ఆహుతులిచ్చారే తప్ప విగ్రహాలకు గుడి కట్టలేదు. తర్వాత అదే సంప్రదాయంలో విగ్రహాలు వెల్లివిరిశాయి. ఈ మ్యూజియంలో చోళుల కంచు నటరాజు ఉన్నాడు, ప్రతి చేతికీ ఒక అర్థంతో. అమరేశ్వరుడు మాత్రం లింగం. అదే శివుడు ఒకచోట ఆడతాడు, ఇంకోచోట ముఖమే లేకుండా నిలుస్తాడు. భక్తులు దీన్ని తగవుగా చూడరు.

లండన్‌లోనే, సౌత్‌హాల్ హావ్‌లాక్ రోడ్డులో, 2003లో తెరిచిన గురుద్వారా ఉంది. మా స్తూపపు చెక్కడాల్లో ఖాళీ పీఠానికి గొడుగు పడతారు, వింజామర వీస్తారు. అక్కడ చాందినీ కింద, పీఠం మీద, వింజామర వీస్తున్నది ఒక గ్రంథానికి. గురునానక్ చెప్పిన దేవుడికి రూపం లేదు. గురు గోవింద్ సింగ్ 1708లో, ఇకపై గ్రంథమే గురువన్నాడు. అన్ని మతాల్లోకీ నా మొదటి ముఖానికి చూపులో అతి దగ్గర చుట్టం ఇదే. సిద్ధాంతంలో మాత్రం దూరమే. వాళ్ళ పీఠం మీద వాక్కు ఉంది, నా పీఠం మీద అదీ లేదు.

నా మొదటి ముఖం గురించి పండితులింకా పోట్లాడుకుంటున్నారు. ఖాళీ అంటే బుద్ధుడేనని ఆల్ఫ్రెడ్ ఫూషే, కాదు, ఆ పవిత్ర స్థలానికి యాత్ర వచ్చిన భక్తుల్నే చెక్కారని సూసన్ హంటింగ్‌టన్. నేను ఫూషే వైపే. ఎవరూ లేని చోటికి అంతమంది అంత ఒద్దికగా ఒంగరు. రెండో శిల్పి కూడా దాన్ని తప్పనుకోలేదు. ఉలితో చెరిపేయలేదు, సున్నం పూయలేదు. చైత్యం వైపు తిప్పి అంటించాడంతే.

పిల్లల పట్టికలో ఇంకో వరుస గీయమని వాళ్ళ టీచరుకు చెప్పాలనుంది: పీఠం మీద ఎవరున్నారు, లేకపోతే ఎందుకు లేరు? బౌద్ధం గడిని మాత్రం కాస్త వెడల్పుగా గీయాలి, రెండు జవాబులు రాయాలి.