ఏ పరీక్షైనా చాలట!

అమెరికాలో ప్రజారోగ్యం చదువుతామనే మన పిల్లలకు అక్కడ పరీక్ష అడిగే యూనివర్సిటీలు ఇచ్చే వెసులుబాటు అంతా ఇంతా కాదు. జీఆర్‌ఈ రాయండి. అది గిట్టకపోతే ఎంబీఏ వాళ్ల జీమ్యాట్ చాలు. డాక్టరీ కోసం రాసే ఎంక్యాట్ ఉంటే మరీ మంచిది. కొన్ని స్కూళ్లయితే లాయర్ల ఎల్‌శాట్‌నూ పళ్ల డాక్టర్ల డ్యాట్‌నూ కూడా కళ్లకద్దుకున్నాయి. ఆ డ్యాట్‌లో ఒక ముచ్చటైన భాగం ఉంది. మడతపెట్టిన కాగితానికి చిల్లు పొడిచి, విప్పితే చిల్లులు ఎక్కడెక్కడ ఉంటాయో చెప్పమంటారు. పన్ను చెక్కే చేతికి ఆ చూపు అవసరమే. ఊళ్లో డెంగీ ఎటు నుంచి ఎటు పాకుతోందో కనిపెట్టే మనిషికి ఎందుకో! వ్యాపారి లెక్క, వకీలు తర్కం, దంతవైద్యుడి కన్ను ఒకదానికొకటి సాటి అంటున్నారంటే, వీటిలో ఏదీ ఈ చదువుకని పెట్టింది కాదని స్కూళ్లే సంతకం చేసి ఇచ్చినట్టు. ఆ సంతకానికి ఫీజు మాత్రం మనం కట్టాలి. ఒక్క జీఆర్‌ఈకే ఇరవై వేలు దాటుతుంది. నాలుగు స్కూళ్లకు మించి మార్కులు పంపితే ఆ ఖర్చు వేరు.

కర్ణాటకను ఆనుకుని ఉన్న రొళ్ల నుంచి ఒక నర్సింగ్ పట్టభద్రురాలు దరఖాస్తు పెట్టిందనుకోండి. ఒక గడపలో కన్నడం, పక్క గడపలో తెలుగు మాట్లాడి టీకాకు ఒప్పించే నేర్పు ఆమెకుంటే, దానికి జీఆర్‌ఈ వర్బల్‌లో ఒక్క మార్కూ రాదు. పరీక్ష ఇంట్లోంచే రాయొచ్చు కదా అంటారు. నిజమే, రాయొచ్చు. గదిలో ఆమె ఒక్కతే ఉండాలి, తలుపు మూసి ఉండాలి, మంచం మీద కూర్చోకూడదు, కెమెరా తిప్పి నాలుగు గోడలూ చూపించాలి, చిత్తులెక్కకు మామూలు కాగితం వాడకూడదు. ఇంటికంతటికీ ఒకటే గది ఉన్నవాళ్లు ఆ రెండు గంటలూ కుటుంబాన్ని వీధిలో కూర్చోబెట్టుకోవాలి కాబోలు.

ఈ విమర్శకు ఒక గట్టి జవాబుంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. అనంతపురం డిగ్రీ విలువ బోస్టన్ ప్రొఫెసరుకు ఎలా తెలుస్తుంది, అందరికీ ఒకే కొలత ఉండొద్దా అంటారు. జీఆర్‌ఈ మార్కులకూ మొదటి ఏడాది గ్రేడ్లకూ ఓ మోస్తరు సంబంధం ఉందని అధ్యయనాలూ చెప్పాయి. ఒప్పుకుందాం. కానీ ఒకే కొలత అన్నవాళ్లే అయిదు రకాల కొలబద్దలు ఎందుకు పట్టుకున్నారు? పరీక్ష పెట్టే ఈటీఎస్సే, కటాఫ్ మార్కు ఒక్కటీ చూసి ఎవరినీ తీసేయొద్దని చెబుతుంది కదా? ధర్మవరం పక్క బత్తలపల్లి ఆర్‌డీటీ ఆస్పత్రి నుంచి హెచ్‌ఐవీ రోగుల మీద వచ్చిన పరిశోధనలు అంతర్జాతీయ పత్రికల్లో అచ్చయ్యాయి. అలాంటి చోట కేసు వివరాలు రాసిన చేతికి జీఆర్‌ఈలో వృత్త వైశాల్యం లెక్కగడితే కొత్తగా వచ్చే పరువేముంది?

2020లో కోవిడ్ వచ్చి పరీక్షా కేంద్రాలకు తాళాలు పడ్డాక చాలా స్కూళ్లు జీఆర్‌ఈని పక్కనపెట్టాయి. అంటువ్యాధుల పాఠం చెప్పే బడులకు ఆ బుద్ధి అంటువ్యాధే చెప్పాల్సి వచ్చింది. కొన్ని మాత్రం మధ్యేమార్గంగా ‘ఆప్షనల్’ అన్నాయి: ఇస్తే చూస్తాం, ఇవ్వకపోతే తప్పుపట్టం. ఇచ్చినవాడి మార్కు చూశాక, ఇవ్వనివాడి ఖాళీ గడి కంట పడకుండా ఉంటుందా? కన్సల్టెన్సీలకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. ఆప్షనల్ అంటే రాయమనే అర్థమని చెప్పి కోచింగ్ ఫీజు కట్టించుకుంటాయి. పాపం, ఈ ఒక్క విషయంలో వాళ్లది అబద్ధమనీ అనలేం.

పరీక్ష ఉండాల్సిందే అంటే ఉండనివ్వండి. మూడు ఊళ్ల బోరునీళ్ల పట్టిక ఇవ్వండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ ఎక్కడుందో, ఏ ఊరి పిల్లల పళ్లను ముందు చూడాలో, మిగతా కారణాలు ఎలా కొట్టేయాలో రాయమనండి. ఆ ప్రశ్నాపత్రానికి ఈటీఎస్ అక్కర్లేదు, ఎపిడెమియాలజీ ప్రొఫెసరుకు ఒక మధ్యాహ్నం చాలు.