పార పుణ్యం

బిట్రగుంట రైల్వే కాలనీలో అందరూ ఫైర్‌మన్ తాతా అని పిలిచే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఆవిరి ఇంజన్లు పోయి ఎంతకాలమైనా ఆ పేరు మాత్రం పోలేదు. ఆయన దగ్గరే పెరిగిన మేనల్లుడు అలాస్కాలో రోడ్ల ఇంజనీరు. సంక్రాంతికి వచ్చి, అరుగు మీద కూర్చుని తన పని సంగతి చెబుతున్నాడు.

"అక్కడ నేల లోపల మంచు రాయిలా బిగుసుకుని ఉంటుంది మామా. వేసవిలో కూడా కరగదు. దాని మీద తారు రోడ్డు వేస్తే, నల్లటి తారు ఎండనంతా పీల్చి కిందికి దింపుతుంది. మంచు నీళ్లైతే కట్ట కుంగిపోతుంది. అందుకని కట్టలో గట్టి థర్మోకోల్ పలకలు పరుస్తాం. 1969లోనే అక్కడ చిటినా అనే ఊరి దగ్గర పరిచి చూశారు."

"ఓస్, లాగింగే గదా! మా బాయిలరుకీ రేకు కింద చుట్టేవోళ్లు. మాది వేడి బయటికి పోకుండా, మీది లోపలికి రాకుండా."

అల్లుడు తెగ సంబరపడ్డాడు. ఇంత చప్పున అర్థం చేసుకునేవాళ్లు అతని ఆఫీసులోనే తక్కువ.

"అయితే అబ్బయ్యా, లాగింగ్ ఎంత చుట్టినా, నిప్పు తీసేస్తే బాయిలరు చల్లారక మానదు. కాకపోతే నిదానంగా చల్లారద్ది. మీ మంచు మాత్రం ఆగద్దా?"

"ఆగదు మామా, ఆలస్యమవుతుంది. పైగా ఆ పలక చలికాలంలో చలిని కూడా కిందికి పోనివ్వదు. చిటినాలో రోడ్డు కింద నేల నిలిచింది గానీ, పలకలు లేని పక్కవాలుల్లో కరిగింది. చైనావాళ్లు 2006లో లాసాకి రైలు నడిపారు. దాదాపు 550 కిలోమీటర్లు ఇలాంటి నేల మీదే. చాలాచోట్ల కట్టలో పెద్ద కంకర పోసి, సందుల్లో చలిగాలి ఆడేట్టు చేశారు. ఎవరేం చేసినా లోకమే వేడెక్కుతుంటే ఏం లాభం?"

"అంత వేడి యాణ్ణించి వస్తా ఉంది?"

అల్లుడు కాస్త నసిగాడు.

"బొగ్గు మామా. బొగ్గూ, చమురూ. ముందువెనకలు చూడకుండా మీ తరం పారలకొద్దీ తగలేసింది."

తాత అరచేతుల్లోని పాత కాయలు గోటితో గీక్కుంటూ కాసేపు లెక్క వేసుకున్నాడు.

"అంటే నీ చదువుకి ఫీజు కట్టిందీ నా పారే, నీకు అలాస్కాలో ఉద్యోగం ఇప్పించిందీ నా పారే. ఇంకా ఏం చెయ్యమంటావు అబ్బయ్యా?"