నిమిష ప్రదాతలకు నీరాజనం

అఖండ గౌతమీ తీరవాస జన మనోరంజకులు, ఇరవైనాలుగు గంటలూ అలుపెరుగని వాక్ప్రవాహ ధురంధరులు, సందేహమనే చీడను మొలకలోనే మాడ్చివేసే మహామహులు అయిన మా తెలుగు వార్తా చానళ్ల వారికి, రాజమహేంద్రవర వాస్తవ్యుడైన ఒక సామాన్య వీక్షకుడు చేతులు జోడించి విన్నవించుకునే స్తుతి.

తమరు రాకముందు మేమెంత చెల్లాచెదురుగా బతికామో తలుచుకుంటే సిగ్గేస్తుంది. పుష్కరాలొస్తే కొవ్వూరు వాళ్లు గోష్పాద క్షేత్రంలో, నరసాపురం వాళ్లు వలంధర రేవులో, ద్రాక్షారామం వైపు వాళ్లు కోటిపల్లిలో, ఎవరి పురోహితుడు చెప్పిన రోజున వాళ్లు మునిగి, పెద్దలకు పిండం పెట్టుకుని ఇంటికెళ్లిపోయేవారు. పన్నెండు రోజుల్లో ఏ రోజైనా ఒకటేనని, ఏడాది చివర అంత్య పుష్కరం కూడా ఉందని చెప్పి తొందర చల్లార్చే ముసలి సిద్ధాంతి ఊరికొకడు ఉండేవాడు. అంతకుముందు, 1874లో, కందుకూరి వీరేశలింగంగారు ‘వివేకవర్ధని’ పెట్టి ఈ ఊరికి తగవులాడుకోవడం అలవాటు చేశారు. 1881లో వితంతు వివాహం జరిపించి ఊరిని రెండుగా చీల్చారు. పత్రిక చదివితే ఇంట్లో తండ్రి ఒకటి, కొడుకు ఇంకొకటి అనే ఆ అశాంతి తమరి ఏలుబడిలో పూర్తిగా సద్దుమణిగింది.

2015 సంగతే చూడండి. 12ని 12తో హెచ్చవేసి, 144 ఏళ్లకోసారి వచ్చే ‘మహా పుష్కరం’ అని ఊరూరా మోగించిన ఆ గణిత ప్రతిభను, 1871లో మునిగినవాళ్లెవరూ లేచొచ్చి కాదనలేరని గ్రహించిన ఆ దూరదృష్టిని ఏమని పొగడను? కౌరవ సభలో సైతం వికర్ణుడనేవాడొకడు అడ్డుమాట ఆడాడు. తమ స్టూడియోల్లో అలాంటి అపశ్రుతి విన్న గుర్తు లేదు.

పన్నెండు రోజులంటే 17,280 నిమిషాలు. వాటిలోంచి జులై 14 ఉదయం 6 గంటల 26 నిమిషాలను స్నాన ముహూర్తంగా ముత్యంలా ఏరి, తెర మూలన గడియారం తగిలించి, జరీ కండువా కప్పుకొచ్చిన పండితుడు నోరు విప్పేలోపే ఆయన జవాబు యాంకరమ్మే చెప్పేసి ఆయనకు శ్రమ తగ్గించిన ఆ ఔదార్యం ఇంకెవరికుంది! కిలోమీటరు పైచిలుకు పొడవున కోటిలింగాల ఘాట్ సిద్ధంగా ఉన్నా, ఎగువా దిగువా ఎన్ని రేవులున్నా, జనం మూటాముల్లెలతో గోదావరి స్టేషన్లో దిగి, తెర మీద చూసిన పుష్కర ఘాట్‌కే, తెర మీద విన్న వేళకే వచ్చారు. అంతటి ఏకాభిప్రాయాన్ని ఆ మెట్లూ ఆ దారీ మోయలేకపోయాయి. అది మెట్ల లోపం. తొక్కిసలాటలో 27 మందికి తగ్గకుండా పోయారు. ముహూర్తాన్ని చూపిన కెమెరాలే చెప్పుల గుట్టల్నీ చూపించాయి. ఆ స్థితప్రజ్ఞత గీత చదివితే వచ్చేది కాదు. బాధ్యులెవరని అడిగే కుర్చీలో తామే ఆసీనులయ్యారు గనక, ఆ ప్రశ్నకు తమ వైపు తిరిగే అవకాశమే లేకపోయింది.

గిట్టనివారి నోళ్లు మూయించే ప్రశంసాపత్రం కూడా దక్కింది. ఆ తొక్కిసలాటపై విచారణ జరిపిన జస్టిస్ సోమయాజులు కమిషన్ నివేదిక 2018లో శాసనసభ ముందుకొచ్చినప్పుడు, కారణాల్లో ముహూర్తానికి మీడియా ఇచ్చిన ప్రచారమూ, జనం గుడ్డినమ్మకమూ పక్కపక్కనే కనిపించాయి. గురువునూ శిష్యులనూ ఒకే పీట మీద కూర్చోబెట్టిన గౌరవమది. ఆ ముచ్చటకు మాత్రం తమరు తెర మూలన గడియారం పెట్టలేదు. సొంత గొప్ప చెప్పుకోవడమంటే తమకు అంత బిడియం!

2027 జూన్ 26న మళ్లీ పుష్కరాలు. ‘మహా’ కిందటిసారే వాడేశారు గనక, అంతకన్నా పెద్ద మాటేదో తమ అక్షయ తూణీరంలో ఉండే ఉంటుంది. నిమిషం ఏదో కాస్త ముందుగా సెలవిస్తే, మేం పంచాంగాలు అటకెక్కించుకుంటాం.