ఎల్.డి. టోర్టె

భిలాయి స్టీల్ ప్లాంటు రెండో మెల్టింగ్ షాపులో చేసినవాళ్ళ ఇళ్ళలో ఎల్.డి. కన్వర్టర్ ఊసు లేకుండా పూట గడవదు. మా నాన్న రిటైరయి ఏళ్ళయినా, పాలు పొంగితే చాలు, కన్వర్టర్ కథ మొదలు. ఎల్ అంటే లింజ్, డి అంటే డోనావిట్జ్. రెండూ ఆస్ట్రియా ఊళ్ళు. కరిగిన ఇనుములోకి ఆక్సిజన్ ఊది ఉక్కు చేసే ఈ పద్ధతి 1952లో లింజ్ కర్మాగారంలో మొదలైంది. రష్యావాళ్ళు కట్టిన మా ఊరికి కూడా చివరికి అదే వచ్చింది. అదే లింజ్ పేరు పెట్టుకున్న లింజర్ టోర్టె మాత్రం రాలేదు.

అన్యాయం కాదూ? టోర్టె కన్వర్టర్ కన్నా మూడు వందల ఏళ్ళు పెద్దది. దాన్ని చేసే విధానం 1653 నాటి రాతప్రతిలోనే ఉంది. బాదం పొడి, దాల్చినచెక్క కలిపిన పిండిని పళ్ళెంలో పరిచి, పుల్లటి ఎర్రపళ్ళ జామ్ పూసి, పైన పిండి పట్టీలు అడ్డంగా, నిలువుగా వేసి కాలుస్తారు. ఇటలీలో దీని చుట్టం క్రొస్తాత. అర్జెంటీనావాళ్ళదీ ఇదే వరస, కాకపోతే జామ్ బదులు క్విన్స్ పండు ముద్ద. రష్యన్ల జామ్ పిరోగ్ మీదా ఈ అల్లికే. 1955 ఒప్పందం తర్వాత ఇక్కడికొచ్చిన ఆ ఇంజనీర్ల దగ్గర మనవాళ్ళు బ్లూప్రింట్లన్నీ పుచ్చుకున్నారు గానీ, పిరోగ్ సంగతి ఒక్కరూ అడిగినట్టు లేదు.

సరే, నేనే పూనుకున్నాను. ఆస్ట్రియా ఎర్రపళ్ళు ఇక్కడెక్కడ దొరుకుతాయి? వానాకాలం కదా, సూపేలా బజారులో వాక్కాయలు రాశులు పోసి ఉన్నాయి. పులుపూ అదే, ఎరుపూ అదే. బెల్లం వేసి ఉడికిస్తుంటే, మా శ్రీకాకుళం అమ్మ తొంగిచూసి, “ఏటే ఇది? పప్పులో వెయ్యాల్సినవాటికి బెల్లం పోస్తావేటి?” అంది.

నాన్న ఓవెన్ ముందు కుర్చీ వేసుకున్నాడు. “టెంపరేచరెంత?”

“నూట ఎనభై.”

“ఇదేం వేడే! మా దగ్గర పదహారు వందలు దాటేది. ఎంతసేపు?”

“ముప్పావుగంట.”

“ఇరవై నిమిషాల్లోపే బ్లోయింగ్ అయిపోయేది మాకు!”

ఇంతలో వాక్కాయ జామ్ బుడగలు కట్టి, పట్టీల సందుల్లోంచి ఎగదన్ని, అంచు దాటి ఓవెన్ అడుగున పడి మాడింది. నాన్న కుర్చీలోంచి లేచి, “స్లాపింగ్!” అని కేకేశాడు. కన్వర్టర్‌లో స్లాగ్ నురగలెత్తి మూతి దాటి పొర్లితే వాళ్ళు అనే మాట అది. అంత ఆనందం ఆయన మొహంలో రిటైర్మెంటు సభ రోజున కూడా చూడలేదు.

పొరుగింటి భాభీ రుచి చూసి, “అండా తో నహీ హై నా?” అంది. గుడ్డు సొన పూసింది పట్టీల మీదే గనక, అమ్మ చటుక్కున పైఅల్లికంతా ఒలిచేసి అడుగుముక్క ఆవిడ పళ్ళెంలో పెట్టింది. ఒలిచిన పట్టీలు నాన్న తిన్నాడు.