మీట మీ చేతికి: ఒక స్లైడ్‌షో ఆత్మకథ

స్లైడ్‌షో తన కథ చెప్పుకుంటే మొదట తలుచుకునేది సినిమా హాలునే. మన ఊళ్ల హాళ్లలో ఆట మొదలయ్యే ముందు, మళ్లీ ఇంటర్వెల్‌లో, ఆపరేటర్ గాజు స్లైడ్లు ఒక్కొక్కటే చేత్తో తోసేవాడు. తెర మీద బట్టల కొట్టు, నగల దుకాణం, ‘పొగ త్రాగరాదు’ వరసగా పడేవి. అమెరికాలో 1961లో కోడక్ కేరౌసెల్ ప్రొజెక్టర్ వచ్చింది. గుండ్రటి ట్రేలో 80 స్లైడ్లు. మీట నొక్కితే ఒకటి జారి దీపం ముందు నిలిచేది, మళ్లీ నొక్కితే పైకెళ్లి పక్కదానికి చోటిచ్చేది. మనవడి ఫొటో ఇంకాసేపు చూడాలంటే మీట నొక్కకుండా ఉంటే సరిపోయేది. ఆ రోజులంటే స్లైడ్‌షోకి ప్రాణం.

వెబ్‌లో దాని పుట్టుక వేరు. 1993లో మొజాయిక్ బ్రౌజర్ అక్షరాల మధ్యనే బొమ్మను చూపించింది. 1995లో బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్ వచ్చింది, కొద్దికాలానికే ఒక బొమ్మ తీసి అదే చోట ఇంకోటి పెట్టడం కుదిరింది. 2006లో జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ రావడంతో ఆ పని ఎంత తేలికైందంటే, రెడీమేడ్ ప్లగిన్ ఒకటి తగిలిస్తే చాలు, బొమ్మలు వాటంతటవే తిరిగేవి. అసలు చిక్కు అక్కడే మొదలైంది. ఏ సంస్థలోనైనా ప్రతి విభాగమూ హోమ్‌పేజీ పైభాగం తనకే కావాలంటుంది. ఎవరినీ నొప్పించలేక తలా ఒక స్లైడు పంచేస్తారు. చూసేవాళ్లకు ఏం కావాలన్న మాట ఆ పంపకంలో ఎక్కడా రాదు.

ఫలితం లెక్కల్లో తేలింది. అమెరికాలోని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయం వెబ్‌సైట్ లెక్కలు 2013లో బయటికొచ్చాయి. వచ్చినవారిలో స్లైడు మీద నొక్కింది దాదాపు 1 శాతం. ఆ నొక్కుల్లోనూ 84 శాతం మొదటి స్లైడుకే పడ్డాయి. అదే ఏడాది వెబ్ వినియోగ సౌలభ్య నిపుణుడు జాకబ్ నీల్సన్ ఒక మహిళ అనుభవం రాశారు. ఒక కంపెనీ వాషింగ్ మెషీన్ల మీద ఆఫర్ ఏదైనా ఉందా అని ఆమె వెతుకుతోంది. ఆ ఆఫర్ పేజీ పైభాగంలోనే పెద్ద అక్షరాల్లో ఉంది. కానీ అది తిరిగే స్లైడులో ఉండి, ప్రకటనలా కనిపించడంతో ఆమె కంటికి ఆనలేదు.

స్లైడ్‌షోకి తన మీద తనకు బాధ కలిగేది మాత్రం ఇంకోచోట. రెండు వరుసల తెలుగు శీర్షికను కూడబలుక్కుని చదివే పెద్దాయనకు, స్లైడు మారేలోపు దొరికే మూడు సెకన్లు ఏం చాలుతాయి? చెయ్యి వణికే మనిషి బటన్ దాకా వేలు తెచ్చేసరికి ఆ బటన్ వేరే స్లైడుదైపోతుంది. అందుకే, వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలని రాసిన 2008 నాటి డబ్ల్యూసీఏజీ 2.0 ప్రమాణాలు ఒక నియమం పెట్టాయి: పేజీలో మిగతా విషయాల పక్కన ఏదైనా దానంతటదే కదులుతూ అయిదు సెకన్లు దాటితే, దాన్ని ఆపే వీలు ఉండి తీరాలి. చూపు లేనివారి కోసం ప్రతి బొమ్మకూ వివరణ రాయాలి. తెలుగు పేజీలో ఆ వివరణ తెలుగులోనే ఉండాలి.

బరువు సంగతీ ఉంది. ఫోన్‌తో తీసిన ఫొటో నాలుగు ఎంబీలు ఉంటే, అలాంటివి అయిదు కుదించకుండా పెడితే ఇరవై ఎంబీలు. పల్లెలో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట పేజీ తెరుచుకోదు. మొదటి బొమ్మను వెంటనే తెచ్చి, మిగతావి అడిగినప్పుడే తెప్పించడం ఇప్పుడు కష్టమేమీ కాదు.

ఇన్ని చెప్పినా, తనను అసలు వాడొద్దని స్లైడ్‌షో అనదు. పోచంపల్లి ఇక్కత్ చీర అమ్మే పేజీలో దాని అవసరం చూడాలి. మొదట పూర్తి చీర, తర్వాత పల్లూ, అంచు, జాకెట్ గుడ్డ, చివరగా చీర వెనకవైపు. ఇక్కత్‌లో నూలును ముందే కట్టి రంగులద్ది ఆ తర్వాత నేస్తారు కాబట్టి డిజైను రెండు వైపులా కనబడుతుంది. అచ్చు వేసిన నకిలీలో వెనక వెలిసినట్టుంటుంది. కొనే ఆమె బొటనవేలితో స్లైడు జరుపుతూ అయిదో బొమ్మ దగ్గర ఆగుతుంది, వేళ్లతో పెద్దది చేసి పోగులు చూస్తుంది, మళ్లీ అంచు బొమ్మకు వెనక్కి వెళ్తుంది. ఏ స్లైడూ ఆమెను తొందరపెట్టదు.