కూలుడు ముహూర్తం

పెళ్లికి ముహూర్తం పెడతారు, శంకుస్థాపనకు పెడతారు. అమెరికావాళ్లు విమానం కూలడానికీ పెట్టారు. 1984 డిసెంబరు 1, కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం. పెళ్లికూతురు బోయింగ్ 720. పెళ్లిపెద్దలు నాసా, విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ. నాలుగేళ్ల ఏర్పాట్లు. సీట్లలో బెల్టులు బిగించుకుని బుద్ధిగా డమ్మీ బొమ్మలు. పైలట్ మాత్రం నేలమీది గదిలో కూర్చుని దూరం నుంచే తోలాడు. తెలివంటే ఆయనది!

ట్యాంకుల్లో కొత్తరకం ఇంధనం. నేలను గుద్దినప్పుడు కిరోసిన్ తుంపరలై చెదిరి భగ్గుమనకుండా అందులో ఒక మందు కలిపారు. రెక్కలు చీలడానికి నేలలో ఉక్కు కత్తులు పాతారు. విమానం తిన్నగా, మర్యాదగా వచ్చి వాటి మీదుగా జారాలి. అది ఎడమరెక్క ముందు ఆనించి, ముక్కు తిప్పి, అడ్డంగా జారింది. ఒక కత్తి పోయి ఇంజన్‌లో దిగింది. మండకూడని ఇంధనం గంటకు పైగా మండింది. ప్రమాదానికే ప్రమాదం జరిగిందన్నమాట!

ఆ మందును తప్పనిసరి చేయాలన్న ఆలోచనను ఎఫ్ఏఏ తర్వాత మానుకుంది. నన్నడిగితే ఆ అడ్డంగా జారడమే ప్రయోగం మొత్తంలో నిఖార్సైన ఘట్టం. గీత గీసినచోట, చెప్పినట్టు కూలిన విమానం ఎక్కడైనా ఉందా?

కూల్చడానికి ముహూర్తం తప్పనివాళ్లకు నిబంధనల దగ్గర మాత్రం మంచిరోజే దొరకదు. ప్రయాణికుల విమానాల్లో సీట్లు 16 జీ, అంటే గురుత్వాకర్షణకు పదహారు రెట్ల తాకిడిని తట్టుకోవాలని 1988లో రూలు పెట్టారు. అయితే అది కొత్తగా రూపొందించే నమూనాలకే. పాత నమూనాలో ఫ్యాక్టరీ నుంచి కొత్తగా, పెయింటు వాసనతో బయటికొచ్చే విమానాలకు అది తప్పనిసరి అయింది 2009 అక్టోబరు 27న. ఇరవయ్యొక్కేళ్లు! ఈలోగా పుట్టిన పిల్లలు ఓటు హక్కు కూడా తెచ్చుకున్నారు.

2012లో మెక్సికో ఎడారిలో మళ్లీ బాజాలు మోగాయి. ఈసారి బోయింగ్ 727, ఈసారి టీవీ కార్యక్రమం కోసం. పైలట్లు పారాచూట్లతో దూకేశారు. విమానం ముక్కు విరిగింది. ఆ రకం కూలుడులో ముందు వరుసలవాళ్లకు ఆశ లేదని, వెనకవాళ్లలో చాలామంది బతికేవారని తేల్చారు. ఎక్కువ డబ్బు పోసి కాళ్లు చాపుకునే ముందు సీటు కొనుక్కున్నవాళ్లకు, పాపం, అక్కడ కూడా వీఐపీ దర్శనమే.