లీటరుకెంత గౌరవం

అమ్మా కాంటెస్సా! నిన్ను తిట్టడానికి నాకు నోరు రాదు. వచ్చినా, ఈ నేల మీద తిట్టుకు కూడా ఒక పద్ధతుంది. కూచిపూడికి ఆట్టే దూరం లేని శ్రీకాకుళంలో కొలువైన ఆంధ్ర మహావిష్ణువును కాసుల పురుషోత్తమ కవి ‘ఆంధ్రనాయక శతకం’ పొడుగునా దెప్పిపొడిచాడు. స్వామి నొచ్చుకున్న దాఖలా లేదు. అంతటివాడే అన్నీ పొగడ్తలుగా పుచ్చుకుంటే, వసారాలో కవరు కప్పుకుని పడుకున్న నువ్వు పుచ్చుకోలేవా?

నీ పుట్టుక సామాన్యమా! ఇంగ్లండులో వాక్సాల్ వాళ్ళు 1978లో చేతులు దులుపుకున్న కారు అచ్చులు సముద్రం దాటి బెంగాల్‌లో హిందుస్థాన్ మోటార్స్ వారి ఇంట దిగాయి. 1984లో నువ్వు అవతరించావు. చాచిన బానెట్టు, వెడల్పాటి భుజాలు, నలుగురు పడుకునేంత డిక్కీ. రోడ్ల మీద అంబాసిడరూ ఫియట్టూ తప్ప మరో మొహం చూడని కృష్ణా జిల్లా మోతుబరికి స్పోర్ట్స్ కారంటే నువ్వే. అది రెండు తలుపులతో ఉంటుందని, నేలకు బెత్తెడెత్తున పాకుతుందని మాకెవరు చెప్పొచ్చారు? నిలబడి ఉన్నప్పుడే వంద మైళ్ళ వేగంతో పోతున్నట్టు కనిపించే కళ నీకొక్కదానికే అబ్బింది. నిలబడి ఉన్నప్పుడు మాత్రమే.

ఎందుకంటే బానెట్టెత్తితే లోపల ఉన్నది అంబాసిడర్ ఇంజనే. 1489 సీసీ, యాభై గుర్రాల బలం. దాని మీద టన్నుకు పైబడిన దేహం. ఇందులో వెక్కిరించాల్సిందేమీ లేదు. మగవాళ్ళు భామ వేషం కట్టి లోకాన్ని నమ్మించిన ఊరు మా కూచిపూడి. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా తెర వెనక నుంచి జడ విసిరితే, ఆ జడ ఆడదానిదా మగవాడిదా అని అడగడానికి ఎవరికీ తోచేది కాదు. నువ్వూ అంతే. అంబాసిడర్ గుండెతో స్పోర్ట్స్ కారు వేషం కట్టావు. కాకపోతే ఆయన వేషం తెల్లవారేసరికి తీసేసేవారు. నువ్వు పద్దెనిమిదేళ్ళ పాటు, 2002 దాకా, తీయలేదు.

చిన్న ఇంజను కదా, తక్కువ తాగుతుందని అమాయకులు అనుకుంటారు. నీ సంస్కారం వాళ్ళకేం తెలుసు? బలం చాలని ఇంజను పెద్ద దేహాన్ని లాగాలంటే యాక్సిలరేటరు పాదం కింద నలిగి నేలకంటాల్సిందే. అలా అంటినప్పుడు కార్బొరేటరు లెక్కచూడకుండా చిక్కటి మిశ్రమం వడ్డిస్తుంది. ఆ తరవాత వచ్చిన 1.8 లీటర్ల ఇసుజు ఇంజనుతో నీకు నిజంగానే పరుగొచ్చింది, ఐదు గేర్లూ వచ్చాయి. పరుగు నేర్చినదాన్నని ఆకలి తగ్గించుకున్నావా అంటే, అంత తేలిక మనిషివి కావు నువ్వు. లీటరుకు బజారులో ఏడో ఎనిమిదో కిలోమీటర్లు, రోడ్డెక్కితే పదో అని నీ యజమానులే గొంతు తగ్గించి చెబుతారు. సరిగ్గా నీకు ముందే, 1983 డిసెంబరులో, 796 సీసీల మారుతి ఒకటి వచ్చి జనానికి ‘ఎంతిస్తుంది?’ అని అడిగే దురలవాటు నేర్పింది. ఇచ్చే కారును అలా అడగాలి. పుచ్చుకునే కారును అడగడం మర్యాదేనా?

అయినా నీ యజమానుల నోట ఆ అంకె వినడమే ఒక పురాణ శ్రవణం. ట్యాంకు నింపి, మళ్ళీ నింపి, మధ్యలో తిరిగిన కిలోమీటర్లను పోసిన లీటర్లతో భాగించడం లోకం పద్ధతి. బందరు రోడ్డు మీది బంకులో నీ భక్తుడు చేసేది చూసి తీరాలి. మొదటిసారి నాజిల్ ఠక్కుమని ఆగినా ‘ఇంకొంచెం, ఇంకొంచెం’ అంటూ నిన్ను అటూ ఇటూ ఊపి, బుడగలు పోగొట్టి, మూతి దాకా పోయిస్తాడు. రెండోసారి మొదటి ఠక్కుకే ‘చాలు బాబూ’ అని కుర్రాడి చెయ్యి పట్టుకుంటాడు. పదకొండు వచ్చిందట! చక్రాలకు మునుపటి కన్నా చిన్న టైర్లు వేస్తే మీటరు ఉన్నదాని కంటే ఎక్కువ కిలోమీటర్లు తిరిగినట్టు చూపిస్తుంది. అప్పుడు పన్నెండు. మీటరు కేబులు తెగిపోయిందనుకో, ఇక ఎంతైనా ఇస్తావు. అబద్ధమాడని మనిషి చేత కూడా సంతోషంగా అబద్ధమాడించే శక్తి బంగారానికీ భూమికీ తరవాత నీకే ఉంది.

ఘాట్ రోడ్డు ఎక్కిందండీ, అందుకే తాగింది అని తప్పుకునే వీలు కూడా మా డెల్టాలో లేదు. ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, మొవ్వ — ఎక్కుడు లేదు, దిగుడు లేదు. కాలవ మీద వంతెన వస్తే అదే మా హిమాలయం. ఇంత చదునైన నేల మీద కూడా తాగగలిగావంటే అది నేల గొప్ప కాదు, నీ గొప్పే. పైగా రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉంటాయి. వాటిని తప్పించుకోగానే చెరుకు ట్రాక్టరు, అది దాటగానే ఊరు, ఊరికి రెండేసి స్పీడు బ్రేకర్లు. వేగం అందుకోవడానికి పోసిన పెట్రోలంతా బ్రేకుల్లో వేడిగా మారి గాలిలో కలుస్తుంది. మళ్ళీ మొదటి గేరు, మళ్ళీ పోత. ఇక బెజవాడలో బెంజి సర్కిల్ సిగ్నలు దగ్గర నీ సాధన పరాకాష్ఠకు చేరుతుంది. అక్కడ లీటరుకు సున్నా కిలోమీటర్లు. ప్రయాణం మీద మోజు తీరిపోయిన యోగులకు తప్ప ఆ స్థితి దొరకదు.

నీ దాతృత్వం ముందు కర్ణుడెంత? ఆంధ్రలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు నాలుగు రూపాయల అదనపు వ్యాట్, మరో రూపాయి రోడ్డు సెస్సు. కేంద్రం పుచ్చుకునేది వేరు. ఒక మోటారు సైకిలు అరవై కిలోమీటర్లు పోయి రోడ్డు సెస్సు కింద ఒక్క రూపాయి పారేసి తప్పుకుంటుంది. అదే రోడ్డు మీద అంతే దూరానికి నువ్వు ఏడెనిమిది రూపాయలు చదివిస్తావు. ఆదాయం దాచుకునే ఆసాములు ఎందరో ఉన్నారు. అదే ఆసాముల్ని నీ స్టీరింగు ముందు కూర్చోబెడితే చాలు, అడక్కుండానే పన్ను కడతారు. ఐటీ శాఖ చేయలేని పని నీ ట్యాంకు చేసింది.

ఈమధ్య నీ దయ పొలాల మీదికీ పారింది. పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్. చెరుకు నుంచి, మొక్కజొన్న నుంచి, నూకల నుంచి, గోదాముల్లో మిగిలిన బియ్యం నుంచి తీస్తారు. అంటే మా రైతు పండించిందే తిప్పితిప్పి నీ నోట్లోకే వస్తోంది. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. కొత్త కార్లు సెన్సరు పెట్టుకుని లోపలికొచ్చింది ఏమిటో వాసన పట్టి సర్దుకుంటాయి. నీ కార్బొరేటరుకు అలాంటి చాడీకోరు బుద్ధుల్లేవు, ఏది పోస్తే అదే తాగుతుంది. కాకపోతే ఇంకాస్త తాగుతుంది. పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి చెమర్చితే అది నీ కరుణ పొంగడమే గాని లీకేజీ అనకూడదు.

తులాభారం కథ తెలుసుగా? సత్యభామ ఒంటి మీది నగలన్నీ ఒలిచి పోసినా మొగ్గని త్రాసు ఒక్క తులసిదళానికి మొగ్గింది. నీ విషయంలోనూ అదే జరిగింది. లీటరు నూటపది రూపాయలకు అటూ ఇటూగా ఎంత పోసినా తృప్తి పడని నువ్వు, చివరికి వంటింట్లోంచి దొంగచాటుగా వచ్చిన ఎర్ర సిలిండరుకు లొంగావు. నలుగురు పడుకునే డిక్కీలో గ్యాసుబండ ఒక్కటే పడుకుంది. పెళ్ళికి పోతే పెట్టెలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు, ఇంట్లో వండుకోవడానికి కట్టెలు వెతుక్కున్నారు. చట్టం ఒప్పుకోదు, ప్రాణానికి పూచీ లేదు. అయితేనేం, కాంటెస్సాలో దిగారన్న మాట మిగిలింది! కిలోమీటర్లు లెక్కపెట్టేవాళ్ళకు ఇది అర్థం కాదు. నువ్వు లీటరుకు ఇచ్చేది దూరం కాదు, గౌరవం. వియ్యంకుడి వాకిట్లో ఇంజను ఆపకుండా నిలబడ్డ రెండు నిమిషాల్లో నువ్విచ్చిన మైలేజీ ముందు మారుతి ఏపాటిది?

2034 దగ్గర పడుతోంది. నీ తొలి సంతానానికి యాభై నిండుతాయి. యాభై దాటి, పుట్టినప్పటి రూపం చెడకుండా ఉన్న కార్లకు వింటేజ్ రిజిస్ట్రేషను ఇస్తామని 2021 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ముందు ఆ సిలిండరు దింపించుకో. తరవాత రోజువారీ తిరుగుళ్ళు ఉండవు. ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి మాత్రం రోడ్డెక్కవచ్చునట. మొదటి మూడూ ఎలా ఉన్నా, నాలుగో పనిలో నీకు ఎవరూ ఏమీ నేర్పనక్కర్లేదు.